ఓ మాల్యల సముద్రం: ఐర్లండ్ పడమటి తీరాన ఒక ఇంటిపేరు వెంట

జూన్ 11, గాల్వే

గాల్వే నడిబొడ్డున షాప్ స్ట్రీట్‌లో లించ్‌ల కోట అనే పాత రాతి మేడ ఉంది. కిటికీల చుట్టూ చెక్కిన రాతి లతలు, చూరు కింద నోళ్ళు తెరుచుకున్న జంతువుల ముఖాలు మధ్యయుగానివే అయినా, లోపల నడుస్తున్నది మాత్రం బ్యాంకు. ఈ నగరాన్ని శతాబ్దాల పాటు శాసించినవి లించ్, బ్లేక్, కిర్వాన్ వంటి పద్నాలుగు వర్తక కుటుంబాలు. కోట గోడల లోపల వాళ్ళ మాట చెల్లేది; గోడల బయట ఉన్న గేలిక్ వంశాల వారంటే, అంటే ఐరిష్ మాట్లాడే దేశవాళీ కుటుంబాలంటే, వాళ్ళకు భయమూ చులకనా రెండూ ఉండేవి. 1518లో నగర సభ చేసిన ఒక కట్టడి ఇప్పటికీ ఇక్కడి వాళ్ళ నోట నానుతూనే ఉంది: పేరుకు ముందు ‘ఓ’ ఉన్నవాడు గాని, ‘మాక్’ ఉన్నవాడు గాని గాల్వే వీధుల్లో దర్జా ఒలకబోస్తూ తిరగరాదట.

ఆ రెండు చిన్న మాటల్లోనే గేలిక్ ఇంటిపేర్ల నిర్మాణమంతా ఇమిడి ఉంది. ‘మాక్’ అంటే కొడుకు. ‘ఓ’ అంటే మనవడు, ఆ పైన వంశీకుడు. మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళనుంచో వృత్తులనుంచో వచ్చినవి కాగా, వీళ్ళవి దాదాపు అన్నీ ఒక మూలపురుషుడి పేరు మీద నిలిచినవి. యూరప్‌లో వంశపారంపర్యమైన ఇంటిపేర్లు చాలా ముందుగా స్థిరపడిన దేశాల్లో ఐర్లండ్ ఒకటి. గాల్వేకు దక్షిణాన ఉన్న ఒక సీమకు ప్రభువైన ఓ క్లేరి 916లో మరణించినట్టు వార్షిక చరిత్రల్లో నమోదైంది. రాతలో కనిపించే తొలి ఇంటిపేర్లలో అదొకటని పండితులు చెబుతారు.

నేను వెంబడించదలచిన పేరు ఓ మాల్య. ఇంగ్లీషు రాతలో అది ఒమాలీ అయింది. ‘ఓ’ పక్కన నేడు ఇంగ్లీషులో కనిపించే కొమ్ము (అపాస్ట్రఫీ), ఐరిష్ అక్షరం నెత్తిన ఉండే దీర్ఘపు గీతను ఇంగ్లీషు గుమస్తాలు తప్పుగా చదివి పక్కకు దించడం వల్ల వచ్చిందని ఇక్కడి వాళ్ళ వాదన. ఆ కొమ్మును మింగలేని కంప్యూటర్లు విమానం టిక్కెట్ల మీద ఈ ఇంటిపేరును నేటికీ రకరకాలుగా విరుస్తూనే ఉన్నాయి.

ఓ మాల్యలకు గాల్వేలో వర్తకం చేసుకునే స్వేచ్ఛ లేదు. అందుకు బదులు గాల్వే రేవుకు వచ్చే ఓడల్ని వాళ్ళు సముద్రం మీదే అడ్డుకుని సుంకం వసూలు చేసేవారు. గాల్వే వర్తకుల లెక్కలో అది దోపిడీ; తమ నీళ్ళలో తమ హక్కు అని వీళ్ళ లెక్క. 1577లో ఇంగ్లండ్ రాణి ప్రతినిధి హెన్రీ సిడ్నీ గాల్వేకు వచ్చినప్పుడు, తెడ్లతో నడిచే మూడు గాలీ ఓడలూ రెండు వందల మంది యోధులూ ఉన్నారు, కొలువుకు సిద్ధం అంటూ ఆయన ఎదుట నిలిచినది ఆ వంశపు ఆడపడుచు గ్రాన్యా నీ వాల్య (ఆడవారి పేర్లలో ‘ఓ మాల్య’ ఇలా మారుతుంది). ఆమె వెంట వచ్చిన భర్త కంటే ఆమెదే పైచేయి అని సిడ్నీ రాసుకున్నాడు.

రాత్రి రేవు దగ్గర ఒక పబ్బులో చౌడర్ తిన్నాము: పాలు, మీగడ, బంగాళాదుంపలు, పొగబెట్టిన చేప, ఆల్చిప్పల మాంసం కలిపి కాచిన చిక్కటి సూపు, పక్కన ముతక గోధుమ పిండితో చేసిన సోడా రొట్టె, ఉప్పు వెన్న. గిన్నె పన్నెండు యూరోలు, అంటే మన లెక్కన పన్నెండు వందల పైచిలుకు. కారం లేదన్న మాటే గాని, ఆ రొట్టె, ఆ వెన్న మరోచోట దొరకవు.

జూన్ 12, వెస్ట్‌పోర్ట్, మరిస్క్

గాల్వేలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు కారు తీశాడు. ఉత్తరానికి సాగుతూ మేయో కౌంటీలోకి అడుగుపెట్టగానే ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తి దించుతున్నాడు. ఏమిటిదని అడిగితే, ‘‘పలకరింపు మావయ్యా, మనమూ ఎత్తకపోతే గర్విష్ఠులనుకుంటారు,’’ అన్నాడు. వెస్ట్‌పోర్ట్ చేరేసరికి నా వేలు కూడా దానంతటదే లేవడం నేర్చింది.

క్లూ అఖాతం చుట్టూ ఉన్న ఈ తీరమే ఓ మాల్యల సీమ. గేలిక్‌లో దాని పేరు ఉవల్. ఎగువ, దిగువ ఉవల్‌లు రెండూ కలిపి ఇంగ్లీషు రికార్డులు ‘ఔల్స్’ అన్నాయి. పద్నాలుగో శతాబ్దపు కవి ఓ డువగాన్ ఐర్లండ్ వంశాల్ని వరసగా పద్యాల్లో కూర్చినప్పుడు వీళ్ళ దగ్గరకొచ్చి, ఓ మాల్యల్లో నావికుడు కాని మొనగాడు పుట్టలేదని తేల్చేశాడు. ఐరిష్ వంశాల సంపదంతా పశువులతో లెక్కించే కాలంలో ఈ మాట అసాధారణమైనది. వీళ్ళ ముద్ర మీద లాటిన్‌లో ఉన్న మాట కూడా ‘నేల మీదా నీటి మీదా బలవంతులం’ అనే.

వెస్ట్‌పోర్ట్ భవనం ఓ మాల్యల పాత కోట నిలిచిన చోటనే లేచింది. కట్టించినవాళ్ళు బ్రౌన్ కుటుంబం. తోటలో గ్రాన్యా కంచు విగ్రహం ఉంది. విగ్రహం ముందు ఫొటోలు దిగుతున్న ఒక అమెరికన్ కుటుంబం, తమ ఇంటిపేరు ఒమాలీ అనీ, తాము ఆమె సంతతి అనీ సంబరంగా చెప్పింది. వాళ్ళ ఆనందానికి అడ్డు రావడం ఇష్టంలేక ఊరుకున్నాను గాని, వంశక్రమం వేరు. గ్రాన్యా మొదటి భర్త ఓ ఫ్లాహర్టీ, రెండో భర్త బర్క్. పిల్లలు తండ్రుల పేర్లే పెట్టుకున్నారు. ఆమె చిన్నకొడుకు, ఓడల మీద పుట్టాడని ‘ఓడల టిబోట్’గా పేరుపడ్డవాడు, 1627లో మేయో వైకౌంట్ అయ్యాడు. అతని మునిమనవరాలు మాడ్ బర్క్ ఒక బ్రౌన్‌ను పెళ్ళాడింది. కాబట్టి ఆమె రక్తం సూటిగా ప్రవహించినది బ్రౌన్‌ల ఇంట; ఒమాలీ అన్న పేరు మోస్తున్నవాళ్ళు ఆమె తండ్రి ఓవెన్ డువ్‌దరా వైపు దాయాదుల సంతతి. ఒక పేరును ప్రపంచమంతా తెలిసేలా చేసిన మనిషి, ఆ పేరును తన కడుపున పుట్టినవారికి ఇవ్వలేకపోయింది.

ఈ చిక్కుముడి ఇదే భవనంలో మరో నాలుగు శతాబ్దాలకు మళ్ళీ పడింది. బ్రౌన్‌ల వంశంలో మార్క్విస్ బిరుదున్న పదకొండో ప్రభువుకు అయిదుగురూ కూతుళ్ళే. ఆస్తి మగవారసుడికే చెందాలన్న పాత దస్తావేజును మార్చడానికి ఆయన ఐరిష్ పార్లమెంటు దాకా వెళ్ళి 1993లో ప్రత్యేక చట్టం చేయించుకున్నాడు. దరిమిలా కుటుంబం ఆ భవనాన్ని అమ్మేసింది.

సాయంత్రం మరిస్క్ మఠం శిథిలాలు చూశాము. 1450ల్లో ఓ మాల్యలు ఇచ్చిన నేలలో అగస్టీనియన్ సన్యాసులు కట్టుకున్నది. వెనక క్రో పాట్రిక్ కొండ, 764 మీటర్లు. జూలై చివరి ఆదివారం వేలమంది, కొందరు వట్టికాళ్ళతో, ఎక్కుతారు. మఠం చుట్టూ ఉన్న సమాధి రాళ్ళ మీద ఇంటిపేరు ఒకచోట ఒమాలీ, మరోచోట ఉత్త మాలీ. పక్కనే గడ్డి కోస్తున్న ముసలాయన యంత్రం ఆపి, తన ఇంటిపేరు మాలీ అనీ, తన పెదనాన్న పిల్లలు ఒమాలీలనీ చెప్పాడు. కారణం అడిగితే, ‘‘మా తాతను బళ్ళో వేసిన రోజున పంతులుగారు తొందరలో ఉన్నాడేమో,’’ అన్నాడు.

జూన్ 13, క్లేర్ ద్వీపం

రూనా రేవునుంచి ద్వీపానికి పడవ ఇరవై నిమిషాల లోపే. రానూపోనూ మనిషికి ఇరవై యూరోల దాకా అయింది. అఖాతం ముఖద్వారాన అడ్డంగా పడుకున్న ఈ ద్వీపాన్ని చేతిలో ఉంచుకున్నవాడికి లోపలికొచ్చే ప్రతి తెరచాపా కనిపిస్తుంది; రేవులో దిగగానే ఎదురయ్యే మూడంతస్తుల కోట అక్కడే ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో తీర రక్షక దళం వాడుకున్న ఆ కట్టడానికి ఇప్పుడు కప్పు లేదు, చుట్టూ గొర్రెలు.

అక్కడినుంచి మఠం దాకా రెండు మైళ్ళ లోపు నడక. జనాభా రెండు వందలు కూడా లేని ద్వీపంలో దారిన పోయే వాహనం ఏదైనా ఆగి ‘ఎక్కుతారా’ అని అడుగుతుంది. మమ్మల్ని ఎక్కించుకున్నామెను, ఇక్కడ ఒమాలీలు ఎంతమంది అని అడిగాను. లెక్కపెట్టే పని ఎవరూ పెట్టుకోరట. అందరిదీ ఒకే ఇంటిపేరయ్యేసరికి దానితో పని జరగదు గనుక, మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా చేర్చి పిలుచుకుంటారట. మైకేల్ పాట్ జో అంటే జో కొడుకు పాట్, అతని కొడుకు మైకేల్. ఇంటిపేర్లు పుట్టకముందు గేలిక్ జనం చేసిన పని సరిగ్గా ఇదే. వెయ్యేళ్ళు గడిచాక ఇంటిపేరే మరీ ఎక్కువై, మళ్ళీ మొదటి పద్ధతికి వచ్చారు.

సెయింట్ బ్రిజిడ్ పేరిట ఉన్న ఆ చిన్న మఠం లోపల, బలిపీఠం ఉన్న గది కప్పు మీద రంగుల చిత్రాలున్నాయి. ఐర్లండ్‌లో మధ్యయుగపు గోడచిత్రాలు మిగిలిన చోట్లు బహు తక్కువ. మొదట ఏమీ కనపడలేదు. కళ్ళు చీకటికి అలవాటుపడ్డ కొద్దీ సున్నం మీంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎర్రమట్టి రంగులో డ్రాగన్, వీణలాంటి హార్ప్ వాయించేవాడు, గుర్రపు రౌతులు, కొమ్ముల దుప్పి. మఠంలో దేవుడి బొమ్మల కంటే వేట, సంగీతం ఎక్కువగా ఉండటం నాకు నచ్చింది. డబ్బు పెట్టిన దొరల అభిరుచి దాక్కోదు. గోడకున్న రాతి పలక మీద అడవి పంది, విల్లంబులు, తెడ్లున్న ఓడ, కింద ‘నేల మీదా నీటి మీదా’ అన్న లాటిన్ మాట, ఓ మాల్య పేరు. ఓడ తెడ్లను శిల్పి ఒక్కొక్కటీ విడివిడిగా చెక్కాడు; పంది ముఖం మీద పెట్టిన శ్రద్ధ మాత్రం అంతంతే.

పక్కనున్న కమానుల సమాధి గ్రాన్యాదని స్థానికుల నమ్మకం. రుజువు లేదు. ఐరిష్ పండితులు పదిహేడో శతాబ్దంలో కూర్చిన ‘నలుగురు ఆచార్యుల వార్షిక చరిత్ర’లో ఆమె పేరే లేదు. చిన్నచిన్న పశువుల దొంగతనాలకు కూడా చోటిచ్చిన ఆ గ్రంథం ఆమెకు ఒక వాక్యం కేటాయించలేదు. ఆమె గురించి ఖచ్చితంగా తెలిసినదంతా శత్రువుల కాగితాల్లోనే ఉంది. 1593లో, ఐర్లండ్ పడమటి భాగమైన కనాక్ట్‌కు ఇంగ్లీషు గవర్నరైన రిచర్డ్ బింగమ్ ఆమె కొడుకు టిబోట్‌నూ, సవతి సోదరుడు డోనల్‌నూ నిర్బంధించినప్పుడు, ఆమె నేరుగా ఎలిజబెత్ రాణికే అర్జీ పెట్టుకుంది. రాణి మంత్రి బర్లీ పద్దెనిమిది ప్రశ్నలు పంపాడు. జవాబుల్లో ఆమె తన తల్లిదండ్రుల్నీ భర్తల్నీ వరసగా చెప్పి, గేలిక్ ఆచారంలో విధవకు భర్త భూమిలో వాటా ఉండదనీ, తెచ్చుకున్న కట్నం దక్కించుకోవడమే గగనమనీ వివరించింది. ఆ సెప్టెంబరులో గ్రీనిచ్‌లో రాణిని కలిసింది. బందీల్ని వదలమని బింగమ్‌కు ఉత్తర్వు వెళ్ళింది. వాళ్ళిద్దరూ లాటిన్‌లో మాట్లాడుకున్నారనీ, రాణి ఇచ్చిన చేతిరుమాలును ఈమె ముక్కు చీది మంటలో వేసిందనీ చెప్పే కథలు ప్రతి గైడు నోటా వినిపిస్తాయి. నాకు మటుకు కట్నం గురించిన ఆ జవాబే ఎక్కువ విలువైనదనిపించింది.

జూన్ 14, న్యూపోర్ట్, బురిషూల్, రాక్‌ఫ్లీట్

న్యూపోర్ట్ దాటాక రాక్‌ఫ్లీట్ కోటకు మలుపు చిన్నది. ఫోన్ చూపిన సందు ఒక రైతు పెరట్లో తేలింది. కుక్క అరుపుకు బయటికొచ్చిన రైతు మమ్మల్ని చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాగే వస్తారట. దారి చెప్పడానికి ముందు వాతావరణం, మా ఊరు, మా ప్రయాణం అన్నీ మాట్లాడాడు. ఇక్కడ ఏ పనికైనా ముందు కాస్త కబురు ఉండాలి, నేరుగా విషయానికి రావడం మర్యాద కింద చెల్లదు.

కోట నీళ్ళ అంచున నాలుగంతస్తుల రాతి స్తంభంలా ఉంది. ఆటుపోట్లకు పునాది మీద పాచి, సముద్రపు గడ్డి. కోట తలుపుకు తాళం. ఓడ తాడును గోడ కన్నంలోంచి తీసుకెళ్ళి మంచపు కోడుకు కట్టుకుని నిద్రపోయేదని గ్రాన్యా గురించి చెప్పే కథ ఇక్కడిదే. కోట అసలు బర్క్‌లది. రెండో పెళ్ళితో ఆమెకు సంక్రమించింది. 1574లో గాల్వే నుంచి వచ్చిన దండు ఇక్కడ ముట్టడి వేసి, దెబ్బతిని వెనుదిరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో దీన్ని బాగుచేయించినవాడు ఓవెన్ ఒమాలీ అనే బ్రిటిష్ దౌత్యాధికారి. 1943లో కాటిన్ అడవిలో పోలిష్ అధికారుల ఊచకోత సోవియట్ల పనేనని తన ప్రభుత్వానికి నివేదిక రాసిన మనిషి ఆయనే. బ్రిటిష్ కొలువులో ఈ పేరు మనకూ ఎదురవుతుంది: బెంగాల్, బిహార్, ఒడిశా జిల్లాల గెజిటీర్లు పుంఖానుపుంఖంగా రాసిన ఐసిఎస్ అధికారి ఎల్.ఎస్.ఎస్. ఒమాలీ, పూరీ గెజిటీరు 1908లో వచ్చింది. రాణితో మాట్లాడి బంధువుల్ని విడిపించుకున్న వంశపు పేరు, మూడొందల ఏళ్ళకు సామ్రాజ్యపు లెక్కల పుస్తకాల అట్టల మీద తేలింది.

ఆ పేరుకే మరో దిక్కున ఎర్నీ ఒమాలీ ఉన్నాడు. 1897లో కాజిల్‌బార్‌లో పుట్టినప్పుడు రికార్డుల్లో అతని ఇంటిపేరు మాలీ. బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డ సైన్యంలో చేరాక ‘ఓ’ తగిలించుకున్నాడు. ఒంటినిండా తూటా గాయాలతో యుద్ధాలు ముగించి, కొన్నేళ్ళకు బురిషూల్‌లో ఒక ఇల్లు తీసుకుని కాపురం పెట్టాడు. రాక్‌ఫ్లీట్‌కు అది కూతవేటు దూరమే. ఇంగ్లీషు పాలన బిగుసుకున్న పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ‘ఓ’, ‘మాక్’లు లక్షల పేర్లనుంచి రాలిపోయాయి. అంతకు ముందే, 1465 చట్టం డబ్లిన్ పరిసరాల ఐరిష్‌వాళ్ళను ఊరి పేరో రంగు పేరో వృత్తి పేరో ఇంటిపేరుగా పెట్టుకోమని ఆదేశించింది. 1893లో ఐరిష్ భాషను నిలబెట్టడానికి గేలిక్ లీగ్ అనే సంస్థ మొదలయ్యాక జనం రాలినవాటిని ఏరుకుని మళ్ళీ తగిలించుకున్నారు. ‘ఓ’ను ఎక్కువగా నిలబెట్టుకున్న కొద్ది పేర్లలో ఒమాలీ ఒకటని పేర్ల చరిత్రకారులు అంటారు. మేయో పడమటి అంచున రాజుగారి గుమస్తా తక్కువ, పడవలు ఎక్కువ. అదే కారణమని నా ఊహ.

బురిషూల్ మఠం గోడ మీద కూర్చుని, ఊళ్ళో కొన్న స్కోన్లు, పొగబెట్టిన సాల్మన్ తిన్నాము. ఇద్దరికీ పద్నాలుగు యూరోలు.

జూన్ 15, అకిల్

వంతెన దాటి అకిల్ ద్వీపంలోకి వెళ్ళాక, దారి పలకలు ఐరిష్ ఒక్కదానిలోనే కనిపించే చోట్లున్నాయి. ఫోన్‌లో కిల్‌డావ్‌నెట్ అని ఉన్నది పలక మీద మరొకలా ఉండేసరికి మేనల్లుడు రెండుసార్లు దాటిపోయి వెనక్కి తిప్పాడు. ఓ మాల్యల బురుజు అక్కడ ఇరుకు జలసంధి మీద కావలి కాస్తున్నట్టుంది: పదిహేనో శతాబ్దపు కట్టడం, పక్కనే శ్మశానం. రుసుము లేదు, కాపలా లేదు. ద్వీపపు గొర్రెమాంసంతో చేసిన స్ట్యూ పద్దెనిమిది యూరోలకు దొరికింది. మిరియాలు అడిగితే, పాపం, డబ్బా మొత్తం తెచ్చి బల్ల మీద పెట్టారు.

మేము బస చేసిన ఇంటామె పెళ్ళితో ఒమాలీ అయింది. ఐరిష్‌లో రాసుకుంటే భర్త ‘ఓ మాల్య’, ఆమె ‘ఇ వాల్య’, పెళ్ళికాని కూతురు ‘నీ వాల్య’. ఒకే ఇంటి తలుపు మీద మూడు పేర్లు రాయవలసి వస్తుందని నవ్వింది. జూన్ చివరన ఒమాలీల సమ్మేళనం ఉంటుందని, 1953 నుంచీ ఏటా దేశదేశాలవాళ్ళు వచ్చి నాయకుణ్ణి ఎన్నుకుంటారని, ఆ రోజుల్లో వెస్ట్‌పోర్ట్ వైపు గది దొరకడం కష్టమని చెప్పింది. తానెప్పుడూ వెళ్ళలేదట. ‘‘ఒమాలీల్ని చూడటానికి నాకు టిక్కెట్టు ఎందుకు?’’ అంది.

జూన్ 17, డబ్లిన్

జాతీయ గ్రంథాలయంలో వంశవృక్షాల సలహా ఇచ్చే విభాగం ఉంది, ఉచితమే. 1861 నుంచి 1891 వరకు జరిగిన నాలుగు జనాభా లెక్కల కాగితాలు ప్రభుత్వమే నాశనం చేసింది. అంతకు ముందటివి చాలావరకు 1922లో, అంతర్యుద్ధ కాలంలో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల భవనపు మంటల్లో పోయాయి. మిగిలినవి 1901, 1911 లెక్కలూ, పన్ను కోసం 1847–64 మధ్య గ్రిఫిత్ చేయించిన భూముల మదింపూ. 1911 ఫారాలు కొన్నింటిని కుటుంబ పెద్దలు పట్టుబట్టి ఐరిష్‌లోనే నింపారు. తెర మీద అటువంటివాటిలో ఒకటి చూశాను: ఇంగ్లీషు అచ్చు గళ్ళలో గేలిక్ లిపి ఒదగక అంచులు దాటిపోయింది, గణకుడు ఎర్ర సిరాతో పక్కన ఇంగ్లీషు పేరు చేర్చుకున్నాడు.

సలహాదారు నేను వెతుకుతున్న పేర్ల పట్టీ చూసి, మాలీ, ఒమాలీ రెండూ వెతికితే చాలదని చెప్పాడు. గాల్వే వైపు ఇదే ఇంటిపేరు మీలియా అనే రూపంలో కూడా ఉందట. అది వదిలేసి వెతికినవాళ్ళకు తమ దాయాదుల్లో ఒక కొమ్మ మొత్తం కనిపించకుండా పోతుందనీ, అమెరికానుంచి వచ్చేవాళ్ళలో చాలామంది అలాగే సగం పట్టీతో తిరిగివెళ్తారనీ అన్నాడు. ఆ పేరు కింద మేయో, గాల్వే పుటలు మధ్యాహ్నం దాకా తిరగేశాము; అచ్చు తీసిన కాగితాలకు నాలుగు యూరోలు తీసుకున్నారు.